ఎన్! పక్కన ప్రధాన సంఖ్యలు: ఏది తేలింది, ఏది తేలలేదు, ల్యాప్‌టాప్ మీద ఏం చేయొచ్చు

హన్మకొండలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివే తమ్ముడు అడిగింది ఇది: ఎన్ ఫ్యాక్టోరియల్‌కి (ఎన్!, అంటే 1 నుంచి ఎన్ దాకా అన్నింటి గుణకార ఫలితానికి) ఒకటి కలిపితేనో, అందులోంచి ఒకటి తీసేస్తేనో వచ్చే సంఖ్యల్లో ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయా? ఈ విషయంలో ఇంకా తేలని ప్రశ్నలేంటి? డిసెంబర్ 22న జాతీయ గణిత దినోత్సవానికి ప్రాజెక్టు పెట్టాలి, చేతిలో మామూలు ల్యాప్‌టాప్ తప్ప ఏమీ లేదు, ఏం చేయొచ్చు?

తమ్మీ, మొదటి ప్రశ్నకు జవాబు ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఎన్!+1 రూపంలో ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయని గానీ, ఎక్కడో ఒకచోట ఆగిపోతాయని గానీ నిరూపణ లేదు. ఎన్!−1 సంగతీ అంతే. మిగతా రెండు ప్రశ్నలకు మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది. నా అభిప్రాయం ముందే చెప్తున్నా. పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యల వేట నీ ప్రాజెక్టుకు పనికిరాదు. ఎన్! ని చిన్న ప్రధాన సంఖ్య పి తో భాగిస్తే వచ్చే శేషాల వైపు చూడు. అసలు సరుకంతా అక్కడే ఉంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ప్రధాన సంఖ్యలు అనంతమని చెప్పే నిరూపణలో ఎన్!+1 వస్తుంది కాబట్టి అది ప్రధాన సంఖ్యే అయి ఉంటుందని చాలామంది పరీక్షల్లో కూడా రాసేస్తారు. ఆ వాదన చెప్పేది, దాని ప్రధాన కారణాంకాలన్నీ ఎన్ కన్నా పెద్దవి అని మాత్రమే. 4!+1 = 25, 5!+1 = 121, 6!+1 = 721 = 7×103, 7!+1 = 5041 = 71×71, 8!+1 = 61×661, 9!+1 = 19×71×269, 10!+1 = 11×329891. వరసగా ఏడు సంయుక్త సంఖ్యలు పోయాక గానీ 11!+1 = 39916801 అనే ప్రధాన సంఖ్య రాదు.

సంయుక్త సంఖ్యలు అనంతమని మాత్రం విల్సన్ సిద్ధాంతం ఒక్క గీతలో తేల్చేస్తుంది. పి ప్రధాన సంఖ్య అయితే (పి−1)!+1 ని పి భాగిస్తుంది, (పి−2)!−1 ని కూడా భాగిస్తుంది. అందుకే 6!+1 లో 7 ఉంది, 10!+1 లో 11 ఉంది, 9!−1 = 11×11×2999 లోనూ 11 ఉంది. సంయుక్త సంఖ్యల వైపు ఇంత తేలిగ్గా తేలింది, ప్రధాన సంఖ్యల వైపు ఒక్క అడుగు కూడా పడలేదు.

10,000 లోపు ఎన్ విలువలకు తేలిన లెక్క ఇది. ఎన్!+1 ప్రధాన సంఖ్య అయ్యేవి 1, 2, 3, 11, 27, 37, 41, 73, 77, 116, 154, 320, 340, 399, 427, 872, 1477, 6380. మొత్తం 18. ఎన్!−1 ప్రధాన సంఖ్య అయ్యేవి 3, 4, 6, 7, 12, 14, 30, 32, 33, 38, 94, 166, 324, 379, 469, 546, 974, 1963, 3507, 3610, 6917. మొత్తం 21. రెండు జాబితాల్లోనూ ఉన్నది 3 ఒక్కటే, అంటే 5, 7 అనే జంట.

ఇన్ని ఎందుకు వస్తాయో అంచనా కట్టొచ్చు. ఎన్! అంత సైజు ఉన్న సంఖ్యను గుడ్డిగా ఒకటి తీస్తే, అది ప్రధాన సంఖ్య అయ్యే అవకాశం దాదాపు 1/(ఎన్ × లాగ్ ఎన్), ఇక్కడ లాగ్ అంటే సహజ సంవర్గమానం. కానీ ఎన్ లోపు ప్రధాన సంఖ్యలేవీ ఎన్!+1 ని భాగించవని మనకు ముందే తెలుసు. మెర్టెన్స్ సిద్ధాంతం ప్రకారం ఆ సంగతి వల్ల అవకాశం 1.781 × లాగ్ ఎన్ రెట్లు పెరుగుతుంది. రెండూ గుణిస్తే లాగ్ కొట్టుకుపోయి సుమారు 1.781/ఎన్ మిగులుతుంది. 1/ఎన్ ల మొత్తం అనంతానికి పోతుంది గదా, కాబట్టి ఈ ప్రధాన సంఖ్యలు కూడా అనంతంగానే ఉండాలి, కాకపోతే చాలా పలచగా. కాల్డ్‌వెల్, గాలో 2002 వ్యాసంలో కట్టిన అంచనా ఇదే. 10,000 దాకా 1.781 × 9.21, అంటే దాదాపు 16 రావాలి. వచ్చినవి 18, 21. బాగానే కుదిరింది.

కానీ దీన్ని మరీ నమ్ముకోవద్దు. ఎన్ పది రెట్లు పెరిగిన ప్రతిసారీ నాలుగు చొప్పున రావాలని అంచనా చెప్తుంది. 10,000 నుంచి లక్ష దాకా ఎన్!+1 లో దొరికింది 26951 ఒక్కటే. లక్ష దాటాక 110059, 150209, 288465, 308084, 422429 అని వరసగా పడ్డాయి. అంచనా సగటు చెప్తుంది, ఫలానా చోట ఎన్ని ఉంటాయో చెప్పదు. పోస్టర్ మీద గ్రాఫ్ గీస్తే ఈ ఎగుడుదిగుళ్లను దాచకుండా చూపించు. జంటల విషయంలో అవకాశం 1/(ఎన్×ఎన్) లెక్కన తగ్గుతుంది, ఆ మొత్తం పరిమితం. అందుకే 3 తర్వాత ఇంకో జంట లేదనే అనుకుంటారు, కానీ అదీ నిరూపణ లేని మాటే.

రికార్డుల జోలికి ఎందుకు పోవద్దన్నానో కూడా చెప్పాలి. 422429!+1 లో 21,93,027 అంకెలున్నాయి. 632760!−1 లో 33,95,992 అంకెలు. ప్రైమ్‌గ్రిడ్ లాంటి చోట వేల కంప్యూటర్లు కలిసి పనిచేస్తేనే ఇలాంటివి దొరుకుతాయి. ల్యాప్‌టాప్ మీద 10,000 లోపు జాబితాను మళ్లీ సొంతంగా రాబట్టడం మాత్రం మంచి కసరత్తు. 1000! లో 2,568 అంకెలు, 10000! లో 35,660 అంకెలు, భయపడాల్సిన సైజులు కావు.

చేసే తీరు ఇది. ముందు జల్లెడ పట్టాలి. ఒక ప్రధాన సంఖ్య పి తీసుకో. శేషం 1 తో మొదలుపెట్టి 2 తో, 3 తో, 4 తో గుణిస్తూ, ప్రతిసారీ పి తో భాగించి శేషం మాత్రమే ఉంచుకో. శేషం 1 వచ్చిన చోట ఆ ఎన్!−1 ని, పి−1 వచ్చిన చోట ఆ ఎన్!+1 ని జాబితాలోంచి కొట్టేయి. ఒక్కో పి కి ఒకే పరుగులో ఎన్ విలువలన్నీ అయిపోతాయి, ఫ్యాక్టోరియల్‌ని ఎక్కడా పూర్తిగా లెక్కగట్టే పని లేదు. వంద కోట్ల లోపు ప్రధాన సంఖ్యలు 5,08,47,534. ఒక్కోదానికి 10,000 గుణకారాలంటే మొత్తం దాదాపు 51 వేల కోట్లు. పైథాన్‌లో మామూలు లూప్ రాస్తే రోజు గడిచినా తేలకపోవచ్చు, సీ లో రాయి. ఎన్ 5000 దగ్గర ఈ జల్లెడ తర్వాత మిగిలేది లాగ్ 5000 భాగించు లాగ్ వంద కోట్లు, అంటే 8.52/20.7, దాదాపు 41 శాతం. సగానికి పైగా ఇక్కడే రాలిపోతాయి. జల్లెడ ఇంకా ముందుకు తీసుకెళ్లాలా వద్దా అంటే, కొత్తగా ఒక ఎన్ ని కొట్టేయడానికి పట్టే టైము, ఒక సంఖ్యను పూర్తిగా పరీక్షించే టైమును దాటినప్పుడు ఆపేయాలి.

ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది, శేషాన్ని 32 బిట్ల వేరియబుల్‌లో పెట్టడం. పి వంద కోట్ల దగ్గర ఉంటే శేషం × ఎన్ పది లక్షల కోట్ల దాకా పోతుంది, 32 బిట్లలో పట్టదు. ప్రోగ్రాం ఆగకుండా తప్పు శేషాలతో నడుస్తూనే ఉంటుంది, మంచి ఎన్ విలువలు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి. 64 బిట్లు వాడు, దొరికిన ప్రతి కారణాంకాన్నీ వేరే ప్రోగ్రాంతో సరిచూడు. రెండోది ఇంకా చిత్రం: 11!+1 = 39916801, 12!−1 = 479001599, రెండూ వంద కోట్ల లోపు ప్రధాన సంఖ్యలే. పి వాటి దాకా రాగానే, అవి తమను తామే భాగిస్తాయి కాబట్టి, జల్లెడ వాటిని సంయుక్తాలని కొట్టేస్తుంది. 13! ఆరు వందల కోట్లు దాటుతుంది కాబట్టి జల్లెడను ఎన్ = 13 నుంచే మొదలుపెట్టు, కింద ఉన్నవి చేత్తో చూసుకో.

జల్లెడలో మిగిలినవాటికి ఫెర్మా పరీక్ష పెట్టాలి. 3 ని (సంఖ్య−1) ఘాతానికి పెంచి, ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 రాకపోతే అది కచ్చితంగా సంయుక్తం. 1 వస్తే బహుశా ప్రధానం, అంతే. నిరూపణ వేరుగా చేయాలి. ఈ సంఖ్యల గొప్పతనం అక్కడే ఉంది. ఎన్!+1 లోంచి 1 తీసేస్తే ఎన్! మిగులుతుంది, దాని కారణాంకాలన్నీ మన చేతిలోనే ఉన్నాయి, కాబట్టి పాక్లింగ్‌టన్ పద్ధతి సరిగ్గా అతుకుతుంది. ఎన్!−1 కి 1 కలిపితే మళ్లీ ఎన్! వస్తుంది, దానికి లూకాస్ పద్ధతి. ఎన్! నుంచి 1 కాకుండా ఇంకొంచెం దూరం జరిగితే ఈ సౌకర్యం ఉండదు.

నిరూపణ దశలో చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. ఎన్ 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయి, ఎన్!+1 ప్రధాన సంఖ్య అయితే, ఎన్ లోపు ప్రతి సంఖ్యా దానికి వర్గ శేషమే అవుతుంది, అంటే ఏదో ఒక వర్గాన్ని దానితో భాగిస్తే వచ్చే శేషం. ఎన్! ని 8 భాగిస్తుంది, ఎన్ లోపు ప్రతి ప్రధాన సంఖ్యా భాగిస్తుంది. మిగతాది వర్గ వ్యుత్క్రమ సిద్ధాంతం చూసుకుంటుంది. ఫలితంగా 2 అనే కారణాంకం దగ్గర పాక్లింగ్‌టన్ షరతు (మనం ఎంచుకున్న ఆధార సంఖ్యను (సంఖ్య−1)/2 ఘాతానికి పెంచితే శేషం 1 రాకూడదన్నది) చిన్న ఆధారాలు వేటితోనూ నెరవేరదు. 11!+1 ని తీసుకో. దాన్ని 13 తో భాగిస్తే శేషం 2 వస్తుంది, 13 కి 2 వర్గ శేషం కాదు, కాబట్టి 13 ఆధారంగా పనికొస్తుంది. 2 నుంచి 12 దాకా ఎన్ని ఆధారాలు మార్చినా మళ్లీ మళ్లీ 1 మాత్రమే వస్తుంది. ప్రోగ్రాంలో బగ్ ఉందని రెండు రోజులు వెతుక్కోవద్దు. ఎన్ కన్నా పెద్ద ఆధారం తీసుకో, లేదా 2 ని పూర్తిగా వదిలేయి. కారణాంకాలు తెలిసిన భాగం ఆ సంఖ్య వర్గమూలం దాటితే చాలు. 11! లో 2 ఘాతాలన్నీ తీసేసినా 1,55,925 మిగులుతుంది, వర్గమూలం 6,318 మాత్రమే. ఎన్!−1 కి కూడా ఇదే తంటా: లూకాస్ పద్ధతిలో విచక్షణి (మనం ఎంచుకునే వర్గ సమీకరణపు బి²−4ఏసి) చిన్న ధన సంఖ్య అయితే ఎప్పటికీ కుదరదు, రుణ సంఖ్య తీసుకోవాలి.

పారి జీపీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఇస్‌సూడోప్రైమ్ అనేది పరీక్ష మాత్రమే, ఇస్‌ప్రైమ్ అనేది నిరూపణ. రిపోర్టులో ఏది వాడావో రాయి. ఇంకో సంగతి, వరంగల్ మే నెల ఎండల్లో ల్యాప్‌టాప్‌ని రాత్రింబవళ్లు నడిపితే వేడికి వేగం బాగా పడిపోవచ్చు, ఒక్కోసారి లెక్క కూడా తప్పుతుంది. జల్లెడ ఎంత దాకా వచ్చిందో పది నిమిషాలకోసారి ఫైల్‌లో రాసుకునేలా పెట్టు, కరెంటు పోతే మళ్లీ మొదటికి రాకుండా.

ఇక ఎన్! పక్కనే కాకుండా, కొంచెం దూరంలో ఏముందో చూద్దాం. ఎన్!+2 నుంచి ఎన్!+ఎన్ దాకా అన్నీ సంయుక్తాలే. ఆ తర్వాత ఎన్!+కె ప్రధాన సంఖ్య కావాలంటే కె కి ఎన్ లోపు కారణాంకం ఒక్కటీ ఉండకూడదు. 8! = 40320 దగ్గర చూడు. పైకి పోతే 11, 13, 17, 19 కలిపిన చోట్ల 31×1301, 53×761, 11×3667, 13×3103 వస్తాయి. 23 కలిపితే 40343, అది ప్రధానం. కిందికి పోతే 11 నుంచి 29 దాకా ఆరు ప్రధాన సంఖ్యలూ విఫలమై, 31 తీసేస్తే 40289 దొరుకుతుంది. మధ్యలో 54 అంత ఖాళీ. రెండు చోట్లా దూరం, 23 గానీ 31 గానీ, ప్రధాన సంఖ్యే అయింది. ఎన్!+1 ని పక్కనపెట్టి, ఎన్! నుంచి తర్వాతి ప్రధాన సంఖ్యకున్న దూరం ఎప్పుడూ ప్రధాన సంఖ్యే అవుతుందా అన్నది తేలని ప్రశ్న. వరస ప్రధాన సంఖ్యల లబ్ధాలకు ఇదే ప్రశ్నను మొదట వేసింది రియో ఫార్చ్యూన్. ఆయన వృత్తి మానవశాస్త్రం, గణితం కాదు.

ఇది తప్పాలంటే దూరం కనీసం ఎన్ తర్వాతి ప్రధాన సంఖ్య వర్గమంత ఉండాలి. ఎన్ = 100 అనుకుంటే 101 నుంచి 10,200 దాకా సుమారు 1,200 ప్రధాన సంఖ్యలున్నాయి, ఒక్కోదాన్నీ 100! కి కలిపితే ప్రధాన సంఖ్య వచ్చే అవకాశం దాదాపు 44 లో ఒకటి. అంటే 27 దాకా రావాల్సిన చోట ఒక్కటీ రాకుండా పోవాలి. జరిగే పని కాదనిపిస్తుంది. కానీ ప్రధాన సంఖ్యల మధ్య ఖాళీల మీద క్రామెర్ చేసిన ఊహను (ఖాళీ ఆ సంఖ్య సంవర్గమానపు వర్గం స్థాయిని దాటదన్నది) నిజమనుకున్నా ఇది నిరూపణ కాదు, అది ఇచ్చే హద్దు ఎన్ వర్గం కన్నా పెద్దదే.

ఎన్!+1 పూర్ణ వర్గం అయ్యే చోట్లు 4, 5, 7 మాత్రమే తెలుసు. బ్రొకార్ 1876లో అడిగాడు. రామానుజన్ 1913లో, ఆ సంగతి తెలియకుండానే, ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ జర్నల్‌లో 469వ ప్రశ్నగా అడిగాడు. గణిత దినోత్సవం రోజు పోస్టర్ మీద ఇది తప్పకుండా ఉండాలి. వంద కోట్ల దాకా ఇంకొకటి లేదని బెర్న్ట్, గాల్వే 2000లో చూపించారు. పద్ధతి సులువు: హద్దు కన్నా పెద్ద ప్రధాన సంఖ్యలు ఓ 40 తీసుకుని, ప్రతిదానికీ ఎన్!+1 వర్గ శేషమా కాదా అని చూడాలి. ఒక్కో సంఖ్య సగం ఎన్ లను ఏరేస్తుంది, నలభై దాటి మిగిలేది దాదాపు సున్నా.

ఇప్పుడు నేను మొదట చెప్పిన శేషాల దగ్గరికి వద్దాం. పి = 23 తీసుకుని 1! నుంచి 22! దాకా శేషాలు రాస్తే: 1, 2, 6, 1, 5, 7, 3, 1, 9, 21, 1, 12, 18, 22, 8, 13, 14, 22, 4, 11, 1, 22. ఒకసారి చేత్తో చేసి చూడు, పావుగంట పని. 22 వచ్చిన చోట్లు 14, 18, 22. అంటే 14!+1, 18!+1, 22!+1 మూడింటినీ 23 భాగిస్తుంది. ఎన్!+1 ని భాగించే ప్రతి ప్రధాన సంఖ్యనూ ఎన్ తో భాగిస్తే శేషం 1 వస్తుందా అని ఎస్. ఎస్. పిళ్లై అడిగాడు. 14, 18 ల దగ్గర 23 వల్ల ఆ మాట విరిగిపోతుంది. ఇలా మాట విరిచే సంఖ్యలకు పిళ్లై ప్రధాన సంఖ్యలని పేరు. అవి అనంతమని 2002లో నిరూపించిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువాడు, ఎం. వి. సుబ్బారావు, కెనడాలో ఆల్బెర్టా యూనివర్సిటీలో ఉండేవారు. రెండోవారు జి. ఇ. హార్డీ, రామానుజన్ కథలో వచ్చే హార్డీ వేరు, కలిపేయకు.

ఆ పట్టికలో ఇంకో రెండు విషయాలున్నాయి. 8! శేషం 1 అయితే 14! శేషం −1. 4! కి 1, 18! కి −1. విల్సన్ సిద్ధాంతం నుంచే వస్తుంది: కె! ని (పి−1−కె)! తో గుణిస్తే శేషం 1 గానీ −1 గానీ అవుతుంది, కె బేసి అయితే 1, సరి అయితే −1. కాబట్టి పట్టికలో సగం చేస్తే మిగతా సగం దొరికినట్టే, నీ జల్లెడ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. రెండోది సరిగ్గా నడిమధ్యలో ఉన్న 11!. పి ని 4 తో భాగిస్తే 3 మిగిలినప్పుడల్లా మధ్య ఫ్యాక్టోరియల్ శేషం 1 గానీ −1 గానీ అయి తీరుతుంది. ఏ గుర్తు వస్తుందన్నది −పి వర్గమూలం చేర్చిన సంఖ్యా క్షేత్రపు క్లాస్ నంబర్ (అక్కడ కారణాంకాలుగా విడదీసే తీరు ఒక్కటే అన్న నియమం ఎంత దెబ్బతింటుందో చెప్పే సంఖ్య) నిర్ణయిస్తుంది, ఇది మోర్డెల్ 1961లో చూపించాడు. 23 కి క్లాస్ నంబర్ 3, గుర్తు ధనం. 7 కీ 11 కీ 1, గుర్తు రుణం, అందుకే 3!+1 = 7, 5!+1 = 11×11.

ప్రాజెక్టుకు నేను సూచించేది ఈ కొలత: 1! నుంచి (పి−1)! దాకా ఎన్ని వేర్వేరు శేషాలు వస్తాయి? 23 కి 16 వచ్చాయి. గుడ్డిగా చిట్టీలు తీసినట్టు జరిగితే పి లో 63.2 శాతం రావాలి, అంటే పి పెద్దదయ్యే కొద్దీ 36.8 శాతం శేషాలు అసలు కనబడకూడదు. అలాగే జరుగుతుందని అందరూ నమ్ముతారు, నిరూపణ లేదు. లక్ష లోపు ప్రధాన సంఖ్యలు 9,592. అన్నింటికీ కలిపి గుణకారాలు 50 కోట్లు కూడా దాటవు, సీ లో నిమిషాల పని. శాతం 63.2 చుట్టూ ఎంత ఊగుతుందో గ్రాఫ్ గీయి. పి ని 4 తో భాగిస్తే 1 మిగిలేవాటిని, 3 మిగిలేవాటిని వేర్వేరు రంగుల్లో పెట్టు. దాంతో పాటే ప్రతి పి కీ 1, −1 శేషాలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టు. ఎన్ = 1, పి−2, పి−1 అనే మూడు చోట్లు, పి ని 4 తో భాగిస్తే 3 మిగిలినప్పుడు నడిమధ్య చోటు కూడా, ముందే తెలిసినవి, వాటిని లెక్కలోంచి తీసేయకపోతే సగటు ఎక్కువగా కనిపిస్తుంది. ఫైల్‌లో పి, వేర్వేరు శేషాల సంఖ్య, 1 వచ్చిన ఎన్ లు, −1 వచ్చిన ఎన్ లు అని నాలుగు నిలువు వరసలు పెట్టుకో. మొదట 23 వరస నా పట్టికతో సరిపోతుందా చూసి, తర్వాత లక్షకు వదులు.